సుత్తి పడని గోడ

పొద్దున లేవగానే కండక్టరు మొహం కడుక్కోడు, గోడ కొలుస్తాడు.

పైగదిలో మంచాన్ని ఆనుకుని ఉన్న గోడ మీద రెండు మరకలున్నాయి. ఒకటి పైనుంచి దిగుతున్న చెమ్మ మరక. వానలు మొదలైనప్పుడు చొక్కా గుండీ అంత ఉండేది. ఇప్పుడు ఏనుగు చెవిలా అంచులు వేలాడేసుకుని రోజుకింత కిందికి జారుతోంది. రెండోది దాని కింద, మంచం మీద కూర్చున్న మనిషి తల ఆనే ఎత్తులో, అరచెయ్యంత గుండ్రంగా ఉన్న నూనె మరక. అది ఆయన భార్య తల ఆనించుకున్న చోటు. పడుకుంటే ఊపిరి ఆడేది కాదు కాబట్టి ఆవిడ ముప్ఫై ఎనిమిది రోజులు ఆ గోడకి తల ఆనించి, కూర్చునే నిద్రపోయింది. ముప్ఫై తొమ్మిదో రోజు ఆవిడ లేదు, మరక ఉంది.

రెండు మరకల మధ్య దూరాన్ని ఆయన వేళ్ళతో కొలుస్తాడు. మొదటిసారి కొలిచినప్పుడు రెండు జానలు. నెల తిరిగేసరికి జానెడు. ఈ పొద్దున నాలుగు వేళ్ళు, అదీ చిటికెనవేలు కాస్త ఇరుకుగా సర్దితే.

"ఇంకో రెండు వానలు," అన్నాడు గోడతో. "అంతేగా."

గోడ ఏమంటుంది. బస్సులో పడుకున్న ముసలమ్మలా మాట్లాడకుండా ఉంది.

ముప్ఫై ఏళ్ళు బస్సుల్లో టికెట్లు కొట్టిన మనిషి. చదువు ఏడో తరగతి స్టాపులోనే దిగిపోయిందని తనే చెప్పుకునేవాడు. వీధిలో అందరూ ఆయన్ని రైట్‌రైట్ అనేవాళ్ళు. ఆయన కొంటెతనానికి అంతు ఉండేది కాదు. గాఢనిద్రలో ఉన్న ప్రయాణికుణ్ణి తట్టి లేపి, "మీ స్టాపు ఇంకా రాలేదండీ, హాయిగా పడుకోండి" అనేవాడు. పెళ్ళయిన కొత్తలో, అప్పటికి పదేళ్ళున్న బావమరిదిని దగ్గర కూర్చోబెట్టుకుని, "నువ్వు ఈ ఇంటివాడివి కాదురా, నా బస్సులో ఎవరో మర్చిపోతే మీ అక్క తెచ్చుకుంది" అని చెప్పాడు. ఆ పిల్లాడు రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు భార్య చేటతో తరిమితే నిజం ఒప్పుకున్నాడు.

ఆ బావమరిదే పెద్దయి మేస్త్రి అయ్యాడు. ఈ ఇల్లు కట్టింది అతనే.

ఇప్పుడు ఆ ఇంటి గేటు మీద ఒక రేకు బోర్డు ఉంది. నల్లరంగుతో, ఒక అక్షరం ఎక్కి ఒక అక్షరం దిగి, ఇలా రాసి ఉంది: "ఈ ఇల్లు కట్టినవాడు సాక్షాత్తూ నా బావమరిది. లోపలికి వచ్చేవారు గొడుగు తెచ్చుకోవలెను."

బావమరిది బతకగోరతాడు, దాయాది చావగోరతాడు అని సామెత. ఆ సామెత కట్టినవాడికి ఇల్లు కట్టే బావమరిది తగల్లేదు అంటాడు కండక్టరు.

బోర్డు చూసి మొదటి వారం వీధంతా నవ్వింది. రెండో వారం కొందరు నవ్వడం మానేశారు. మూడో వారం బడికి ప్రహరీ కట్టించాలని మేస్త్రితో మాట్లాడుకున్న పెద్దమనుషులు ఆ దారిన వచ్చి, ఆగి, చదువుకుని, వెళ్ళిపోయారు. ఆ పని వేరేవాడికి పోయింది.

ఇంతకీ గొడవ ఎక్కడంటే, మెట్ల దగ్గర. పైగదికి బయటినుంచి మెట్లున్నాయి. ఆ మెట్ల మీద ఏటవాలు కప్పు ఒకటి పైగది గోడని రాసుకుంటూ కిందికి దిగుతుంది. కప్పూ గోడా కలిసే ఆ అతుకులో నీళ్ళు దూరకుండా మడిచిన రేకు ముక్కలు వేస్తారు. సగం గోడ గాడిలోకి, సగం కప్పు మీదికి. పనివాళ్ళు ఫ్లాషింగ్ అంటారు. నీళ్ళు అందులోంచే వస్తున్నాయని కండక్టరుకీ తెలుసు, మేస్త్రికీ తెలుసు. ఎందుకు వస్తున్నాయో కండక్టరుకి తెలియదు. మేస్త్రి చెప్పలేదు.

ఆవిడ పోయిన రెండు నెలలకి, ఇంకా వానలు రాకముందే మేస్త్రి ఒకసారి వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి, "బావా, పైగది గోడకి బయట కాస్త పని మిగిలింది. రెండు రోజులు సుత్తి వెయ్యాలి" అన్నాడు.

"ఆ గోడ మీద సుత్తి వెయ్యడానికి వీల్లేదు."

"వెయ్యకపోతే వానల్లో ఇబ్బందవుతుంది."

"గోడకి అటుపక్క మీ అక్క తల ఆనిన చోటుంది. అది రాలితే నువ్వు తెచ్చిస్తావా?"

మేస్త్రి నేలచూపులు చూసి వెళ్ళిపోయాడు. వానలు వచ్చాయి. చెమ్మ వచ్చింది. కండక్టరు ఫోను చేసి పిలిపించి గోడ చూపించాడు.

"పని మిగిలిందన్నావు. మిగిలిందా, మింగేశావా?"

"మిగిలింది బావా. రేకులు తీసి మళ్ళీ వెయ్యాలి."

"వెయ్యి. సుత్తి మాత్రం ముట్టుకోకు."

"సుత్తి లేకుండా గాడిలో రేకు ఎలా ఊడుతుంది బావా? బతిమాలితే ఊడుతుందా?"

"కట్టేటప్పుడు బుద్ధిగా కట్టి ఉంటే ఇప్పుడు బతిమాలే పని ఉండేది కాదు. ముందే సరిగ్గా ఎందుకు వెయ్యలేదు? అది చెప్పు."

మేస్త్రి చెప్పలేదు. నల్లటి జిగురు తెచ్చి అతుకు పొడుగునా బయటినుంచి పూశాడు. రెండు వానలు ఆగింది. మూడో వానకి జిగురు వెనకనుంచి నీళ్ళు మళ్ళీ దిగాయి. ఆ సాయంత్రమే కండక్టరు బోర్డు రాశాడు.

అంతటితో ఊరుకుంటే రైట్‌రైట్ ఎందుకవుతాడు. గొంతు మార్చి ఫోన్లు చెయ్యడం మొదలుపెట్టాడు.

"హలో, మేస్త్రిగారేనాండీ? మేం మేడమీద ఈతకొలను కట్టించుకుందామనుకుంటున్నాం. మీరు గోడలోంచే నీళ్ళు తెప్పిస్తారట కదా."

అవతల తాపీ చప్పుడు ఆగింది.

"బావా, అన్నం తిన్నావా?" అన్నాడు మేస్త్రి.

"బావెవరండీ? మీరు పొరపాటు పడుతున్నారు."

"తినకపోతే చెప్పు. మీ చెల్లెలు క్యారేజీ పంపిస్తానంటోంది."

కండక్టరు ఫోను పెట్టేశాడు. పెట్టేసి ఆ రోజు నిజంగానే అన్నం తినలేదు. వాడు ఎదురు తిట్టి ఉంటే ఎంత బాగుండును. తిట్టనివాడితో ఎన్నాళ్ళని పోట్లాడగలం?

ఇల్లు కట్టేటప్పుడు ఇద్దరూ ఇలా లేరు. పునాదులు లేచే సమయానికే ఆవిడకి గుండె బలహీనమని తేలింది. డాక్టరు నెలల్లో చెప్పాడు. అద్దె ఇంట్లో కిటికీ తీస్తే ఎదురింటి గోడ కనపడేది. "కొత్తింట్లో ఆకాశం కనపడే గదిలో కూర్చోవాలని ఉంది" అని ఆవిడ ఒకే ఒక్కసారి అంది. రెండోసారి అననివ్వలేదు ఈ ఇద్దరూ. కింద ఇంకా తలుపులు లేవు, నేల లేదు, మెట్ల మీద కప్పు లేదు. పైగది మాత్రం ముందు ముగించారు. మేస్త్రి రోజూ పొద్దున్నే వచ్చి, పనివాళ్ళు వెళ్ళిపోయాక కూడా గోడకి తనే పూత పూసుకుంటూ ఉండేవాడు.

ఆవిణ్ణి కుర్చీలో కూర్చోబెట్టి కప్పు లేని ఆ మెట్ల మీదుగా ఇద్దరూ మోసుకెళ్ళారు. ముందు తమ్ముడు, వెనక మొగుడు. కండక్టరు ఆయాసపడుతూనే, "పైకి జరగండమ్మా, పైకి జరగండి, పైన అంతా ఖాళీ" అని అరుస్తున్నాడు.

"నాకు టికెట్టు ఇవ్వలేదు," అంది ఆవిడ.

"స్టాఫు కుటుంబం. ఫ్రీ."

"నవ్వించకు బావా, కుర్చీ జారుతుంది," అన్నాడు మేస్త్రి. చెమటతో పాటు ఇంకేదో అతని మొహం మీదినుంచి కారుతోంది.

కూతురు మందుల షాపులో పనిచేస్తుంది. ఊరికి ఆ చివర ఉంటుంది. సెలవు రోజున వచ్చి తండ్రికి వారానికి సరిపడా గిన్నెలు తోమి, బట్టలు మడిచి, గోడ చూసి వెళ్తుంది. ఆ అమ్మాయి చాలా రోజులు నోరు మెదపలేదు. బడి గోడ పని పోయిందని తెలిసినరోజు మెదిపింది.

"నాన్నా, ఆ బోర్డు వల్ల మావయ్య పని పోయింది."

"పిల్లల మీద గోడ కూలకుండా పోయింది. మంచిదే."

"అమ్మ ఉంటే నిన్ను ఆ బోర్డు పక్కనే నిలబెట్టేది."

కండక్టరు గోడ వంక తిరిగాడు. "ఎంత ఉందో చూశావా? నాలుగు వేళ్ళు" అన్నాడు.

అమ్మాయి తన ఫోనులో ఒక బొమ్మ చూపించింది. ఎప్పుడో తీసి ఉంచింది, గోడ మీది నూనె మరక. "ఇది ఉంటుంది నాన్నా. పెద్దది చేయించి పెట్టిస్తాను."

ఆయన కళ్ళజోడు పెట్టుకుని చూశాడు. ఫోనులో అది ఎవరో చెయ్యి తుడుచుకున్న మురికిలా ఉంది. "ఇది అది కాదే," అన్నాడు మెల్లగా, "దీనికి వాసన లేదు."

మరుసటి సెలవు రోజున ఆ అమ్మాయి ఎవరినీ అడక్కుండా రేకుల పెద్దాయన్ని వెంటబెట్టుకొచ్చింది. ఆ చుట్టుపక్కల సగం ఇళ్ళ మీద రేకులు ఆయన చేతివే. డెబ్భై దాటాయి. జీవితమంతా రేకుల మీద సుత్తి వేసి వేసి చెవులు మందగించాయి కాబట్టి ఏదైనా నలుగురికీ వినపడేలానే చెబుతాడు. రహస్యం దాచడానికి పనికిరాడు, అబద్ధం ఆడటానికి అసలే పనికిరాడు.

"మావయ్యని కూడా రమ్మన్నాను," అంది కూతురు. "ఈయన ఏం చెబితే అది. ఇద్దరూ వినాలి."

మేస్త్రి వచ్చాడు. మూడు నెలల తర్వాత ఆ గేటు దాటడం. బోర్డు కింద ఒక్క క్షణం ఆగాడు. ఒకపక్కకి ఒరిగి ఉంది అది. చెయ్యెత్తి తిన్నగా సర్ది లోపలికొచ్చాడు. తన పరువు తీస్తున్న బోర్డే అయినా వంకరగా ఉంటే చూడలేని చెయ్యి అది.

కండక్టరు అది చూశాడు. చూడనట్టు మొహం తిప్పుకున్నాడు.

పెద్దాయన నిచ్చెన వేయించుకుని మెట్ల కప్పు మీదికెక్కాడు. కింది అంచు దగ్గర బయటి పూత అప్పటికే బీటలు తీసి ఉంది. పలచటి ఇనప పట్టీ దూర్చి, సుత్తి లేకుండానే, జానెడు మేర పూత లేపాడు. వంగి చూశాడు. ఇంకాస్త లేపి మళ్ళీ చూశాడు. ఆ తర్వాత మేస్త్రి వంక చూసిన చూపు పైనుంచి కిందికి రాయిలా పడింది.

"ఇది తిరగేసి ఉంది," అన్నాడు. "రేకులు కిందినుంచి పైకి వేసుకుంటూ పోవాలి. పైముక్క తోక కిందిముక్క మీద పడాలి, చేప పొలుసులాగ. ఇక్కడ కిందిముక్క పైదాని మీదికెక్కి కూర్చుంది. పైనుంచి జారిన నీళ్ళు కప్పు మీదికి పోవట్లేదు, తిన్నగా దాని కింద దూరి గోడలోకి పోతున్నాయి."

"చొక్కా మీద బనీను తొడిగినట్టు," అన్నాడు కండక్టరు.

"ఎవరు వేశారు?"

"నేనే," అన్నాడు మేస్త్రి.

"పని తెలియదా?"

"తెలుసు."

"తెలిసీ?"

"మర్చిపోయాను."

పెద్దాయన తల అడ్డంగా ఊపాడు. "మర్చిపోయినవాడు అతుకు లోపలి పక్కన ఇంత ఒద్దికగా జిగురు పెట్టడు. ప్రతి ముక్క కిందా వేలితో అదిమి పెట్టావు. ఇది తప్పని తెలిసి, తప్పు తెలియకుండా ఉండాలని చేసిన పని. నా దగ్గర మర్చిపోయానంటావేంటి?"

"విన్నావా అమ్మాయ్," అన్నాడు కండక్టరు. ఇన్ని నెలలుగా ఎదురుచూసిన మాట దొరికింది. "తెలిసి చేశాడు. సొంత అక్క ఉండే గది. తెలిసి చేశాడట. ఇప్పుడు చెప్పరా, మీ అక్క పేరు మీద చెప్పు. ఎందుకు చేశావు?"

మేస్త్రి మెట్ల మీద కూర్చున్నాడు. చాలాసేపు తన బొటనవేలి గోటిలో ఇరుక్కున్న సున్నం తీస్తూ కూర్చున్నాడు.

"గది తొందరగా మూయాలని పైముక్కలు ముందే వేసి, మీద పూత పూసేశాం కదా," అన్నాడు చివరికి. "మెట్ల కప్పు తర్వాత వచ్చింది. అప్పుడు పైముక్కల తోకలు ఎత్తి, కిందివి వాటి కిందికి దూర్చాలి. ఎత్తాలంటే పూత కొట్టాలి. కొడదామనే సుత్తీ ఉలీ పట్టుకుని నిచ్చెనెక్కాను. పక్క కిటికీలోంచి అక్క కనపడింది. ఆ గోడకే తల ఆనించుకుంది. అప్పుడే నిద్ర పట్టింది. మూడు రోజులై కన్ను మూతపడలేదు కదా బావా. నోరు కొంచెం తెరుచుకుని, చిన్నప్పుడు పడుకున్నట్టే పడుకుంది."

మేస్త్రి తలెత్తి బావ వంక చూశాడు.

"నువ్వు ఈ మెట్టు మీదే కూర్చుని ఉన్నావు. నా చేతిలో సుత్తి చూసి, వేలు మూతి మీద పెట్టుకున్నావు. దిగిపొమ్మని చెయ్యి ఊపావు. నేను దిగిపోయాను."

కండక్టరుకి గుర్తొచ్చింది. ఆ రోజు ఆవిడ రెండు గంటల సేపు పడుకుంది. ఆ రెండు గంటలూ ఆయన మెట్ల మీద కాపలా కూర్చున్నాడు. కాకి వాలితే కాకిని తోలాడు. వీధిలో సైకిలు గంట కొట్టినవాణ్ణి కళ్ళతోనే కాల్చేశాడు. నిచ్చెన మీద ఒకడు సుత్తి పట్టుకుని నిలబడి ఉంటే వేలు చూపించి దించేశాడు. ఆ ఒక్కడూ ఎవడో, ఏ పని మీద ఎక్కాడో ఆయన మనసులో నిలవలేదు. ఆవిడ పడుకుందన్నదొక్కటే నిలిచింది.

"రోజు మార్చి రోజు ఎక్కుతూనే ఉన్నాను," అన్నాడు మేస్త్రి. "ఎప్పుడు చూసినా తల ఆ గోడకే ఉండేది. కింది రేకులు అలాగే పైన పెట్టి జిగురు వేశాను. తర్వాత తీసి వేద్దామనుకున్నాను. తర్వాత..."

తర్వాత అన్న మాట అక్కడే ఆగిపోయింది.

"మరి ఇన్నాళ్ళూ నోట్లో ఏం పెట్టుకున్నావురా?" అన్నాడు కండక్టరు. కోపంగా అనబోయాడు కాని కోపం రాలేదు.

"ఏమని చెప్పను? అక్క పడుకుంది కాబట్టి నీ గోడ కారుతోందని చెప్పనా?"

కండక్టరు లేచి గేటు దగ్గరికి వెళ్ళాడు. బోర్డు పట్టుకుని గుంజాడు. రాలేదు. మళ్ళీ గుంజాడు. రేకు అంచు అరచేతిలో దిగింది కాని మేకు కదల్లేదు. మేస్త్రి వెనకే వచ్చి, జేబులోంచి పట్టకారు తీసి, మేకులు ఒక్కొక్కటే పీకాడు.

"కొట్టిన నాలుగు మేకుల్లో ఒక్కటీ తిన్నగా లేదు బావా."

"నీ మీద కోపంతో కొట్టాను. తిన్నగా ఎలా దిగుతుంది?"

బోర్డు తీసుకెళ్ళి నీళ్ళ తొట్టి వెనక బోర్లా పెట్టాడు మేస్త్రి. ఆ బోర్డు సంగతి ఇద్దరిలో ఎవరూ మళ్ళీ ఎత్తలేదు.

పెద్దాయన ఈలోపు పైగదిలోకి వెళ్ళాడు. వేలి కణుపులతో గోడ మీద కొడుతూ పైనుంచి కిందికి వచ్చాడు. పైన గట్టిగా మోగింది. చెమ్మ మరక దగ్గర మెత్తగా మోగింది. నూనె మరక చుట్టూ ఖాళీ డబ్బాలా మోగింది. నలుగురూ ఆ చప్పుడు విన్నారు.

"లోపలి పూత ఉబ్బి గోడని వదిలేసింది," అన్నాడు. "వేలాడుతోంది, అంతే. బయట సుత్తి వేస్తే ఇది ఉంటుందో ఊడుతుందో నేను చెప్పలేను. వెయ్యకపోతే మాత్రం చెమ్మ వారంలో దీన్ని మింగుతుంది. అప్పుడు మరకా ఉండదు, పూతా ఉండదు."

"చుట్టూ కోసి పలకలాగ తియ్యలేమా?" అంది కూతురు.

"నానిన అట్టలాగ ఉందమ్మా. బ్లేడు పెడితే పొడి." పెద్దాయన అందరికీ వినపడేలా, తనకి వేరే విధంగా మాట్లాడటం రాదు కాబట్టి, అన్నాడు. "వానలకి ముందే తీసి వేసి ఉంటే చెక్కు చెదిరేది కాదు. అప్పటికి గోడ పొడిగా, గట్టిగా ఉంది."

వానలకి ముందు గుమ్మంలో నిలబడి రెండు రోజులు సుత్తి వెయ్యాలన్నవాడు ఎవరో, వద్దన్నవాడు ఎవరో ఆ గదిలో ముగ్గురికి తెలుసు. మేస్త్రి కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. నేను చెప్పానుగా అనే హక్కు అతనికి ఉంది. అతను అనలేదు. అనకపోవడమే కండక్టరుని గుండెలో పొడిచింది.

బయట మబ్బు పట్టింది. పడమర పక్క నుంచి చల్లటి గాలి లేచింది.

"ఇవాళ వద్దు బావా," అన్నాడు మేస్త్రి. "ఇంకో నాలుగు రోజులు ఉండనీ. నాలుగు రోజులైనా ఉంటుంది కదా."

కండక్టరు గోడ ముందు నిలబడి నాలుగు వేళ్ళూ పెట్టి చూశాడు. మూడే పట్టాయి.

"ఎక్కు," అన్నాడు. "నేను లోపల పట్టుకుంటాను. నువ్వు బయట కొట్టు."

"చేత్తో పట్టుకుంటే ఆగుతుందా?"

"చేత్తో కాదులే. నువ్వు ఎక్కు."

అందరినీ బయటికి పంపి, తలుపు గడియ పెట్టుకున్నాడు. మంచం ఎక్కి, ఆవిడ కూర్చున్నట్టే కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. వీపు గోడకి ఆనించాడు. తల సరిగ్గా ఆ మరక మీద ఆనించాడు. ఎనిమిది నెలల్లో ఆ చోటుని ఆయన ఒక్కసారి కూడా తాకలేదు, ఎక్కడ చెరిగిపోతుందోనని. చల్లగా ఉంది. దగ్గరగా వస్తే నూనె వాసన ఇంకా ఉంది, కొంచెం చెమ్మ వాసనతో కలిసి. ఎదురుగా కిటికీ. ఆవిడకి ఇక్కడినుంచి ఆకాశం ఎంత కనపడేదో ఆయనకి ఇప్పుడు తెలిసింది. అనుకున్నదానికన్నా ఎక్కువే కనపడేది.

"కొట్టరా," అన్నాడు.

మొదటి దెబ్బ పడింది. గోడలోంచి తలలోకి, తలలోంచి పళ్ళలోకి వచ్చింది. ఆవిడ నిద్రలో ఇది పడి ఉంటే ఎలా ఉండేదో అనుకున్నాడు. వేలు మూతి మీద పెట్టుకున్నందుకు బాధపడలేదు. రెండో దెబ్బ. మూడోది. గోడ ఆయన వెనక బతికున్నదానిలా ఉలిక్కిపడుతోంది. వీపుతో ఇంకా గట్టిగా అదిమాడు. బస్సు సడెన్‌గా ఆగినప్పుడు పక్కనున్న చంటిపిల్లని పట్టుకున్నట్టు, మెడ నరాలు బిగించి అదిమాడు.

నాలుగో దెబ్బకి తల వెనక ఏదో మెత్తగా కుంగింది. చప్పుడు పెద్దగా రాలేదు. చొక్కా కాలర్లోకి చల్లగా, తడి ఇసకలా జారింది. భుజం మీదుగా ఒక పెళ్ళ దొర్లి దుప్పటి మీద పడి నాలుగు ముక్కలైంది. ఏ ముక్క ఎక్కడిదో తెలియలేదు. అన్నీ ఒకే రంగులో ఉన్నాయి. ఆయన తల ఇప్పుడు ఇటుక మీద ఉంది.

బయట సుత్తి ఆగింది.

"బావా," అన్నాడు మేస్త్రి గోడ అవతలినుంచి. "ఎలా ఉంది?"

కండక్టరు దుప్పటి మీది ముక్కల వంక చూశాడు.

"ఉంది," అన్నాడు.

"నిజంగానా? వేళాకోళం కాదుగా?"

"ఉందంటే ఉందిరా. నీ పని నువ్వు చూసుకో. వాన వచ్చేలా ఉంది."

సుత్తి మళ్ళీ మొదలైంది. ఇప్పుడు పట్టుకోవడానికి ఏమీ లేదు. అయినా కండక్టరు లేవలేదు. గొంతు అక్కడినుంచే రావాలి కదా. మేస్త్రి పదకొండు రేకులు ఊడదీసి, కిందినుంచి ఒక్కొక్కటే పేర్చుకుంటూ, పైముక్కని కిందిముక్క మీదికి తెచ్చుకుంటూ పైకొచ్చాడు. ప్రతి రెండు ముక్కలకీ ఒకసారి ఆగి, "ఉందా బావా?" అనేవాడు. "ఉంది" అనేవాడు కండక్టరు. ఒకసారి మాత్రం, "రాయిలా ఉందిరా, నీ కట్టుబడికి తిరుగులేదు" అన్నాడు. జీవితంలో ఎంతమందికి ఎన్ని అబద్ధాలు చెప్పి నవ్వాడో ఆయనకే లెక్క లేదు. ఇంత కష్టపడి ఒక్కటీ చెప్పలేదు.

చివరి రేకు గాడిలోకి దిగేసరికి మూడు దాటింది. తుంపర మొదలైంది. కండక్టరు దుప్పటి నాలుగు మూలలూ మడిచి, పెళ్ళలన్నీ అందులోనే మూటగట్టి, మంచం కిందికి తోశాడు. గడియ తీసి బయటికొచ్చి, వెనక తలుపు దగ్గరగా లాగి తాళం వేశాడు.

మేస్త్రి నిచ్చెన దిగి మెట్ల మీద నిలబడి ఉన్నాడు. చేతులనిండా సున్నం.

"నిలబడిందా బావా?"

"చెక్కు చెదరలేదు."

కూతురు తండ్రి వెనకవైపుకి వచ్చింది. జుట్టులో, కాలరు మడతలో, వీపు పొడుగునా తెల్లటి పొడి. అరచేత్తో మెల్లగా దులిపింది. పూత పనిలో ముప్ఫై ఏళ్ళు బతికినవాడు మేస్త్రి. మెట్ల మీద రాలుతున్న ఆ పొడి బయటి పూతదో లోపలి పూతదో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. దానివంక చూశాడు. బావ మొహం వంక చూశాడు. సుత్తి సంచిలో పెట్టాడు. పెట్టినదాన్ని మళ్ళీ తీసి తుడిచి, మళ్ళీ పెట్టాడు.

వాన పెద్దదైంది. కొత్త రేకుల మీదినుంచి నీళ్ళు ఒకదాని మీదినుంచి ఒకదాని మీదికి జారుతూ, గోడ వంక కూడా చూడకుండా, కప్పు అంచునుంచి కింద పడుతున్నాయి. నలుగురూ ఆ మెట్ల మీద ఇరుకుగా నిలబడి చూశారు.

"గది తాళం నా దగ్గరే ఉంటుంది," అన్నాడు కండక్టరు.

"ఉండనీ బావా," అన్నాడు మేస్త్రి.